బిగిసీ బిగియని నట్టు

నేను చేసిన తప్పులో రెండు భాగాలున్నాయి. మొదటి భాగాన్ని నలభై నిమిషాల్లో సరిదిద్దాం. రెండో భాగాన్ని సరిదిద్దుకోవడానికి నాకు 73 రోజులు పట్టింది. మొదటిది కోడ్‌లో జరిగింది. రెండోది నేను నోరు మెదపాల్సిన చోట మెదపకపోవడం వల్ల జరిగింది. ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం ఆ రెండోదే.

మాది విజయవాడ. నాన్న ఆటోనగర్‌లో లారీ మెకానిక్. వేసవి సెలవుల్లో నేను షెడ్డుకి వెళ్ళి ఆయనకి పానాలు అందిస్తుండేవాణ్ణి. లారీ చక్రం ఎక్కించడంలో నాన్నకి ఒక పద్ధతి ఉండేది. ముందు నట్లన్నీ చేత్తోనే తిప్పి ఎక్కించాలి. తర్వాత పానా పట్టి వరసగా కాకుండా ఎదురెదురు నట్లు బిగించుకుంటూ రావాలి. అలా చేయకపోతే చక్రం ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. అంతా అయ్యాక బిగించినవాడు పక్కకి తప్పుకుంటే, ఇంకొకడు వచ్చి ప్రతి నట్టునీ పట్టి చూడాలి. బండి గేటు దాటేటప్పుడు డ్రైవరుకి ఒక మాట చెప్పి పంపేవాడు: "యాభై కిలోమీటర్లు పోయాక ఆపి, ఇంకోసారి బిగించుకో."

నాకు బళ్ళ పిచ్చి ఆ షెడ్డులోనే పట్టింది. 2005లో నరైన్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా 1లో అడుగుపెట్టినప్పుడు, ఆ పోటీల్లో కారు నడిపిన మొదటి భారతీయుణ్ణి చూడటానికి ఆదివారాలు టీవీ ముందు నుంచి కదిలేవాణ్ణి కాదు. తర్వాత హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు మొదటి గ్రాండ్ ప్రి జరిగితే రైలెక్కి వెళ్ళాను. సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. గెలుపు కన్నా నా కళ్ళలో నిలిచిపోయింది పిట్ స్టాప్. కారు వచ్చి ఆగుతుంది, ముందొకరు వెనకొకరు జాకీతో లేపుతారు, చక్రానికి ముగ్గురు చొప్పున పన్నెండుమంది నాలుగు చక్రాలూ మార్చేస్తారు. నేను కెమెరా సర్దుకునేలోపే కారు వెళ్ళిపోయింది.

ఆ రోజు నేర్చుకోవాల్సిన పాఠం ఒకటుంటే, నేను మరొకటి నేర్చుకుని వచ్చాను. వేగం ఒక్కటే నా కంటికి కనపడింది. ఆఫీసులో నా టేబుల్ మీద ఒక పిట్ స్టాప్ ఫొటో పెట్టుకున్నాను. టీమ్ లీడ్ అయ్యాక కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆ ఫొటో చూపించి, "మన రిలీజ్‌లు ఇలా ఉండాలి" అనేవాణ్ణి. చక్రం దగ్గర ఉన్న ముగ్గురిలో ఎవరు ఏం చూసుకుంటారో, కారు వెళ్ళొచ్చని చెప్పే పచ్చ లైటు ఎవరి మాట మీద వెలుగుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. నాన్న షెడ్డులో రెండో మనిషి నట్లు పట్టి చూడటం అన్నేళ్ళు కళ్ళారా చూసినవాణ్ణి అయ్యుండి కూడా.

*

2018 జనవరి 11, సంక్రాంతికి ముందరి గురువారం. మేం నడిపేది బస్సు టికెట్లు బుక్ చేసే వెబ్‌సైట్. హైదరాబాద్ సగం ఖాళీ అయ్యే వారం అది. సాయంత్రం ఏడు దాటేసరికి డబ్బు చెల్లింపుల దగ్గర చిక్కు మొదలైంది. మా సర్వర్ పంపిన అభ్యర్థనకి అవతలి చెల్లింపు వ్యవస్థ నుంచి జవాబు ఆలస్యంగా వస్తోంది. జనానికి తెర మీద చక్రం తిరుగుతూ కనిపిస్తోంది, ఆపైన 'మళ్ళీ ప్రయత్నించండి' అని వస్తోంది. ఈలోపు పట్టి ఉంచిన సీటు గడువు తీరి వేరేవాళ్ళకి పోతోంది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు.

నాకొక ఉపాయం తోచింది. అయిదు సెకన్లలో జవాబు రాకపోతే, వినియోగదారుణ్ణి అడగకుండా మా సర్వరే అదే అభ్యర్థనని మళ్ళీ పంపాలి. అలా మూడుసార్ల దాకా. పక్క సీట్లో ఒక అమ్మాయి ఉండేది. వరంగల్ నుంచి వచ్చింది, రెండేళ్ళ అనుభవం. నేను చెబుతుంటే తను టైప్ చేసింది. మధ్యలో ఆగింది.

"అన్నా, మనకు జవాబు రాలేదంటే అటు పని కాలేదనే అనుకుంటున్నం గదా. పని అయ్యి, జవాబు ఒక్కటే లేటైతే? పైసలు రెండుసార్లు కట్ అయితయ్ గదా?"

ఆ ప్రశ్న నాకు పూర్తిగా అర్థమైంది. ఈ మాట దాచకుండా రాస్తున్నాను. తెలియక చేసిన తప్పు కాదిది. అలా జరిగే అవకాశం తక్కువేలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. "పండగయ్యాక చూద్దాం, ముందు పంపించు" అన్నాను.

"పోనీ ముందుగాల పదిమందిలో ఒక్కరికే ఇచ్చి చూద్దామా?"

"టైం లేదు."

మా దగ్గర ఒక నియమం ఉండేది. ఎవరు రాసిన కోడ్‌నైనా ఇంకొకరు చదివి, ఒప్పుకుంటేనే అది లైవ్‌కి వెళ్ళాలి. రికార్డు ప్రకారం రాసింది తను, చదివి ఒప్పుకుంది నేను. జరిగింది వేరు: ఆలోచన నాది, తీర్పూ నాదే. బిగించినవాడే చక్రం చుట్టూ తిరిగి వచ్చి, అంతా బాగుందని చెప్పినట్టు.

ఎనిమిదీ పదికి రిలీజ్ వెళ్ళింది. మొదటి పది నిమిషాలూ తెర మీద విఫలమైన చెల్లింపులని చూపే ఎర్ర గీత కిందికి దిగింది. టీమ్ చప్పట్లు కొట్టింది. ఎనిమిదిన్నరకి కస్టమర్ కేర్ నుంచి మొదటి కబురు వచ్చింది: డబ్బు రెండుసార్లు కట్ అయిందట. ఆ వెనకే వరసగా మరికొన్ని. ఆ అమ్మాయి అడిగినదే అక్షరాలా జరిగింది.

*

ఏం జరిగిందో కోడ్ రాయనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా చెప్పాలి.

లిఫ్ట్ బటన్‌ని ఒకసారి నొక్కినా పదిసార్లు నొక్కినా లిఫ్ట్ ఒకసారే వస్తుంది. పెళ్ళిలో చదివింపులు రాసే చోట వెయ్యి రూపాయలు రెండుసార్లు ఇస్తే రెండు వేలు పోతాయి. ప్రపంచంలో పనులన్నీ ఈ రెండు రకాలే. వెబ్‌లో కూడా అంతే. బ్రౌజర్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతులకి పేర్లున్నాయి. 'గెట్' అంటే ఫలానాది చూపించమని అడగడం. ఎన్నిసార్లు అడిగినా అవతల ఏదీ మారకూడదు. 'పుట్' అంటే ఫలానా చోట ఫలానాది ఉంచమనడం. పదిసార్లు చెప్పినా చివరికి అక్కడ ఉండేది అదే. 'పోస్ట్' మాత్రం చదివింపుల లాంటిది, ప్రతిసారీ ఒక కొత్త పద్దు పడుతుంది. చెల్లింపు పోస్ట్‌తో నడుస్తుంది. దాన్ని నేను లిఫ్ట్ బటన్ అనుకుని మళ్ళీ మళ్ళీ నొక్కించాను.

నెట్‌వర్క్‌లో మౌనానికి అర్థం 'కాలేదు' అని కాదు. అభ్యర్థన దారిలోనే పోయి ఉండొచ్చు, పని ఇంకా నడుస్తూ ఉండొచ్చు, పనైపోయి జవాబు దారిలో చిక్కుకుని ఉండొచ్చు. ఇవతల కూర్చున్నవాడికి ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఇందులో మూడోదాన్ని నేను లెక్కలోంచి తీసేశాను.

అదొక్కటే కాదు. అవతలి వ్యవస్థ నెమ్మదించింది మోయలేని బరువు వల్ల. ఒక్కో అభ్యర్థనని మూడుసార్లు పంపి ఆ బరువుని మేమే పెంచాం. అది ఇంకా నెమ్మదించింది. దాంతో మేం మళ్ళీ పంపేవి ఇంకా పెరిగాయి. వెనక్కి తీసుకుందామంటే అదే రిలీజ్‌లో డేటాబేస్‌లో ఒక కాలమ్ పేరు కూడా మార్చి ఉన్నాను, ఎలాగూ పంపుతున్నాం కదా అని. పాత కోడ్ పెడితే పాత పేరు వెతుక్కుని కూలిపోతుంది. ముందు ఆ పేరు మార్చి, తర్వాత కోడ్ మార్చి, అన్నీ సర్దేసరికి నలభై నిమిషాలైంది.

మర్నాడు పొద్దున డబ్బు పోయినవాళ్ళకి ఫోన్లు చేసే పనిలో కస్టమర్ కేర్ వాళ్ళ పక్కన కూర్చున్నాను. వాళ్ళలో ఒకాయన తాపీ మేస్త్రీ. శ్రీకాకుళం వైపు ఊరు, గచ్చిబౌలిలో అపార్ట్‌మెంట్ల పని. కొడుకు ఫోన్ నుంచి నాలుగు టికెట్లు తీయిస్తే ఎనిమిది టికెట్ల డబ్బు పోయింది. పిల్లల బట్టలకి దాచుకున్నది అందులోనే ఉంది. ఆయన కోప్పడలేదు. "బాబూ, పండగలోపు ఒచ్చెత్తాయా?" అని అడిగాడు. బ్యాంకు దారిలో వెనక్కి రావాలంటే అయిదారు పనిదినాలు పడుతుంది. పండగలోపు రావని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే బాబూ" అని పెట్టేశాడు. ఆ కాసేపటి మౌనం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

*

ఆ మధ్యాహ్నమే సమావేశం. జరిగినదాన్ని నిమిషాల వారీగా గోడ మీది తెరపై చూపించారు. ఆ మళ్ళీ పంపే కోడ్ దగ్గరికి వచ్చేసరికి మేనేజర్, "ఇది ఎవరు రాశారు?" అని అడిగారు. ప్రతి వరస పక్కనా దాన్ని రాసినవాళ్ళ పేరు రికార్డులో ఉంటుంది. తెర మీద ఆ అమ్మాయి పేరు కనపడింది.

తను నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. చూస్తూ, "టీమ్‌గా మా అందరి పొరపాటు ఇది" అన్నాను.

వినడానికి పెద్దమనిషి మాటలా ఉంది కదా. టీమ్ మొత్తాన్ని కాసుకున్నట్టు ఉంది. నేను ఆడిన అబద్ధాలన్నిట్లోకీ పెద్దది ఆ మాటే. అందరి పేరూ చెప్పి నా పేరు దాచుకున్నాను. తెర మీద ఉన్నది ఒక్కరి పేరే కాబట్టి, అక్కడున్నవాళ్ళు 'అందరి' అన్న మాటకి ఎవరి పేరు జోడించుకోవాలో వాళ్ళకి తెలుసు. మూడు నెలలపాటు తను సొంతంగా రిలీజ్ చేయకూడదని నిర్ణయం జరిగింది. నేను విని ఊరుకున్నాను.

ఆ తర్వాత టీమ్‌లో ఒక నిశ్శబ్దం మొదలైంది. ఆ అమ్మాయి ప్రశ్నలడగడం మానేసింది. నేను ఏం చెప్పినా "ఓకే అన్నా" అనేది, అంతే. తనను చూసి మిగతావాళ్ళూ జాగ్రత్తపడ్డారు. ఫిబ్రవరిలో రెండు చిన్న లోపాలు లైవ్‌కి వెళ్ళాయి. తర్వాత విచారిస్తే రెండిటినీ ముందే గమనించినవాళ్ళు ఉన్నారని తేలింది. ఎందుకు చెప్పలేదని అడిగితే చూపు తిప్పుకున్నారు. చెబితే ఏమవుతుందో జనవరిలో చూశారు మరి.

*

2018 మార్చి 25, ఆదివారం. వీధిలో నవమి పందిరి కడుతున్నారు, మైకులో పాటలు. నేను తలుపు మూసుకుని మెల్‌బోర్న్‌లో జరుగుతున్న ఆస్ట్రేలియన్ గ్రాండ్ ప్రి చూస్తున్నాను.

హాస్ అనే చిన్న జట్టు కార్లు రెండూ నాలుగు, అయిదు స్థానాల్లో పరుగెడుతున్నాయి. అలాగే ముగిస్తే 12, 10 కలిపి 22 పాయింట్లు. అంతకుముందు ఏడాది మొత్తం సీజన్‌లో ఆ జట్టుకి వచ్చింది 47. మొదట కెవిన్ మాగ్నుస్సెన్ పిట్‌కి వచ్చి వెళ్ళాడు. ఒక చక్రం సరిగా బిగియలేదు, కారు ఆపేయాల్సి వచ్చింది. రెండు ల్యాపుల తర్వాత రొమాన్ గ్రోజాన్ వచ్చాడు. మళ్ళీ అదే జరిగింది. మర పక్కకి ఎక్కిన నట్టు చూడటానికి బిగిసినట్టే ఉంటుంది. రెండు కార్లూ పోయాయి.

గ్రోజాన్ కారు ట్రాక్ మీదే ఆగడంతో వర్చువల్ సేఫ్టీ కార్ ప్రకటించారు. అంటే అందరూ నిర్ణీత వేగానికి తగ్గాలి. అందరూ నెమ్మదిస్తారు కాబట్టి ఆ సమయంలో పిట్‌కి వెళ్ళేవాడికి నష్టం తక్కువ. మొదట్లో ముందున్న లూయిస్ హామిల్టన్ అప్పటికే టైర్లు మార్చుకున్నాడు. ఇంకా మార్చుకోని వెటెల్ వెంటనే పిట్‌కి వెళ్ళి, హామిల్టన్ కన్నా ముందు బయటికి వచ్చాడు. రేసు గెలిచాడు. వెటెల్‌కి ఎన్ని సెకన్లలోపు వెనకుంటే చాలో హామిల్టన్ జట్టు మెర్సిడెస్ ముందే లెక్క వేసుకునే ఉంది. ఆ లెక్క వేసిన సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్ ఉంది. వాళ్ళ సాంకేతిక సారథి జేమ్స్ ఆలిసన్ తర్వాత ఆ సంగతి బయటికే వివరించాడు: తమ సొంత పరికరం తప్పు సంఖ్య ఇచ్చిందని, అది సుమారు 15 సెకన్లని చూపితే అసలు సంఖ్య 13కి కాస్త తక్కువని. ప్రపంచ విజేతలైన జట్టు తమ కోడ్‌లో తప్పుందని చెప్పింది. ఆ కోడ్ రాసినవాడి పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు.

ఒకే రేసులో ఒక నట్టు, ఒక బగ్. నా జీవితంలోని రెండు ప్రపంచాలూ ఒక్క తెర మీద కలిశాయి. నన్ను కదిలించింది మాత్రం ఈ రెండూ కాదు. కారు దిగి వచ్చిన గ్రోజాన్, తల పట్టుకుని కూర్చున్న మెకానిక్ దగ్గరికి వెళ్ళి భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్న దృశ్యం. అవతలివాడి చేతిలో జరిగిన పొరపాటుకి తన రేసు పోయింది. అయినా తనే లేచి అతని దగ్గరికి వెళ్ళాడు. నా చేతిలో జరిగిన తప్పుకి ఒక అమ్మాయి పేరు పోయింది. పక్క సీటు దాకా కూడా నేను వెళ్ళలేదు.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. జరిగిందంతా మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆయన మధ్యలో మాట్లాడలేదు. చివరికి అన్నాడు: "నట్టు వదులుగా ఉందని చెప్పిన కుర్రోణ్ణి తిడితే, రెండోసారి వాడు చెప్పడురా. బండి మాత్రం రోడ్డెక్కుద్ది."

*

సోమవారం పొద్దున మేనేజర్‌ని అడిగి, జనవరి సమావేశానికి వచ్చినవాళ్ళందరినీ మళ్ళీ పిలిపించాను. నిలబడి చెప్పాను. ఆలోచన నాది. ఆ అమ్మాయి ప్రమాదాన్ని ముందే, సరిగ్గా ఏం జరగబోతోందో అలాగే చెప్పింది. కొద్దిమందికే ఇచ్చి చూద్దామని కూడా అడిగింది. రెండూ కాదన్నది నేను. చదవకుండానే చదివినట్టు సంతకం పెట్టింది నేను. పేరు అడిగినప్పుడు తప్పించుకున్నదీ నేనే.

తన అనుమతులు ఆ రోజే తిరిగి ఇచ్చారు. ఆ ఏడాది నా రేటింగ్ తగ్గింది. అది న్యాయమే. బయటికి వచ్చాక తన దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. తను వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి అంది: "ఆ రోజే చెప్తే అయిపోవు గదా అన్నా. ఇన్ని రోజులు నేనే సరిగ్గ చెప్పలేదేమో అనుకున్న. ఇంకా గట్టిగ చెప్పాల్సి ఉండెనేమో అని."

దెబ్బ ఎంత లోతుగా తగిలిందో నాకు అప్పుడు తెలిసింది. నా మౌనం తన పేరును చెడగొట్టడంతో ఆగలేదు. తన తెలివి మీద తనకే అనుమానం పుట్టించింది.

ఆ తర్వాత పనిలో మార్చుకున్నవి చాలా ఉన్నాయి. ప్రతి బుకింగ్ ప్రయత్నానికీ మొదట్లోనే ఒక ప్రత్యేక నంబరు ఇచ్చాం. అదే నంబరుతో అభ్యర్థన రెండోసారి వస్తే కొత్త పద్దు వేయకుండా, మొదటిసారి ఇచ్చిన జవాబునే తిరిగి ఇవ్వాలి. ఐడెంపొటెన్సీ కీ అంటారు దీన్ని. చదివింపుల పుస్తకంలో కవరు నంబరు చూసి, 'ఇది రాశామండీ' అని వెనక్కి ఇవ్వడం లాంటిది. మళ్ళీ పంపాల్సి వస్తే వెంటవెంటనే కాకుండా ఒకటి, రెండు, నాలుగు సెకన్లు అంటూ ఎడం పెంచుకుంటూ పోవాలి. అందరూ ఒకే క్షణంలో మీద పడకుండా ఆ ఎడాన్ని కాస్త అటూ ఇటూ చెదరగొట్టాలి. అవతలి వ్యవస్థ కుంగిపోతోందని తెలిస్తే పంపడమే ఆపి ఊపిరి తీసుకోనివ్వాలి. డేటాబేస్ మార్పునీ కోడ్ మార్పునీ ఎప్పుడూ ఒకే రిలీజ్‌లో కలపకూడదు. ముందు కొద్దిమందికి ఇచ్చి, చూసి, తర్వాతే అందరికీ. నాన్న చెప్పే యాభై కిలోమీటర్ల మాట ఇదే.

వీటన్నిటికన్నా పెద్ద మార్పు ఒక చిన్న నియమం. రిలీజ్‌కి ముందు టీమ్‌లో ఎవరు చెయ్యెత్తినా రిలీజ్ ఆగుతుంది. అనుభవం ఎంతన్న ప్రశ్న లేదు. కారణం కూడా అప్పుడే నిరూపించక్కర్లేదు, మర్నాడు మాట్లాడుకోవచ్చు.

*

పిట్ స్టాప్‌ని ఇప్పుడు వేరే కళ్ళతో చూస్తాను. 2020 డిసెంబరు 6న బహ్రెయిన్‌లో జరిగిన సఖీర్ గ్రాండ్ ప్రిలో, హామిల్టన్ బదులు మెర్సిడెస్ కారెక్కిన జార్జ్ రసెల్ ముందంజలో ఉన్నాడు. ఆ జట్టు రెండు కార్లూ ఒకదాని వెనక ఒకటి పిట్‌కి వచ్చాయి. ఏ కారు ముందు వస్తోందన్న రేడియో మాట టైర్లు తెచ్చేవాళ్ళలో కొందరికి అందలేదు. రెండో కారు నడుపుతున్న వాల్తెరి బొటాస్ టైర్లు రసెల్ కారుకి ఎక్కాయి. రెండు పనులు పోటీపడి, ఏది ముందన్నది అదృష్టం మీద ఆధారపడితే మా భాషలో 'రేస్ కండిషన్' అంటాం. ఆ మాటకి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మాట అందకపోతే ఎంత చురుకైన చేతులైనా తప్పు చక్రాన్నే బిగిస్తాయి.

2021 బెల్జియం గ్రాండ్ ప్రి నుంచి, ఈ పోటీలకి నియమాలు పెట్టే ఎఫ్‌ఐఏ ఒక ఆదేశం అమలు చేసింది. చక్రం బిగిసిందని తెలిశాక జాకీ దించడానికి 0.15 సెకను, జాకీ దిగాక కారుని వదలడానికి 0.2 సెకను వ్యవధి ఉండి తీరాలి. మనిషి చూసి, నిర్ధారించుకుని స్పందించడానికి పట్టే సమయం అది. చూడకుండానే పచ్చ లైటు వెలగకూడదన్నదే దాని సారం. అంతకుముందు రికార్డు 2019లో బ్రెజిల్‌లో రెడ్ బుల్ సాధించిన 1.82 సెకన్లు. ఈ ఆదేశం వచ్చిన రెండేళ్ళకి, 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు లాండో నోరిస్ కారు చక్రాలు 1.80 సెకన్లలో మార్చింది. నా టేబుల్ మీది ఫొటోని నేను అన్నేళ్ళూ తప్పుగా చదివాను. ఆ వేగం తొందర వల్ల వచ్చింది కాదు. ఇరవైమంది ఒకరినొకరు నమ్మగలగడం వల్ల వచ్చింది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసు జరిగింది. నాన్నని తీసుకెళ్ళాను. కరెంటు కార్లు ఈలలు వేస్తున్నట్టు పోతుంటే ఆయన వింతగా చూశాడు. "టైర్లు మార్చరా?" అని అడిగాడు. ఈ రేసులో మార్చరని చెప్పాను. జాన్-ఎరిక్ వెర్న్, బ్యాటరీలో ఉన్నది పొదుపుగా వాడుకుంటూ, వెనక నుంచి తరుముతున్న నిక్ కాసిడీని ఆపి గెలిచాడు. నాన్న చూపు మాత్రం మలుపు దగ్గర జెండా పట్టుకున్న మనిషి మీదే ఉంది. ఎవరతను అని అడిగాడు. మార్షల్ అని, ముందు ప్రమాదం ఉందని అతను పసుపు జెండా ఊపితే ఎంతటి విజేతైనా వేగం తగ్గించి తీరాలని చెప్పాను.

"అతని మాటకి అంత విలువుందా?"

"ఉంది నాన్నా. అది లేకపోతే ఎవడూ అంత వేగంగా నడపలేడు."

*

ఒక రాత్రి గురించి చెప్పి ముగిస్తాను. 2019 జనవరి, మళ్ళీ సంక్రాంతి ముందరి వారం. ఏడాదంతా తయారు చేసుకున్న చెల్లింపుల కోడ్ ఆ రాత్రి వెళ్ళాలి. పరీక్షలన్నీ నెగ్గాయి. పైవాళ్ళు ఎదురుచూస్తున్నారు. "వెళ్దామా?" అని అడిగాను. ఆ అమ్మాయి చెయ్యెత్తింది. ఏడాదిలో మొదటిసారి.

ఎందుకని అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. "ఆపేద్దాం" అన్నాను. పైకి ఫోన్ చేసి, ఈ రాత్రి పంపడం లేదని, ఆపింది నేనని చెప్పాను.

మర్నాడు ఇద్దరం కూర్చుని తన సందేహం చివరికంటా చూశాం. డబ్బు వాపసు ఇచ్చేటప్పుడు కూడా అదే నంబరు వాడితే పాత జవాబు తిరిగి వస్తుందేమోనన్నది తన అనుమానం. రెండు గంటలు వెతికాం. వాపసుకి వేరే నంబరు వెళుతోంది. కోడ్ సరిగ్గానే ఉంది, తన సందేహానికి ఆధారం లేదు. తన మొహం చిన్నబోయింది. "అనవసరంగ ఆపించిన అన్నా" అంది.

"మళ్ళీ అనుమానం వస్తే మళ్ళీ ఆపు" అన్నాను.

ఆ సాయంత్రం కోడ్ లైవ్‌కి వెళ్ళింది. ఆ పండక్కి ఎవరి డబ్బూ రెండుసార్లు పోలేదు. వారం తర్వాత ఇంకో రిలీజ్ ముందు, కొత్తగా చేరిన కుర్రాడొకడు భయం భయంగా చెయ్యెత్తాడు. నాకన్నా ముందు ఆ అమ్మాయే అతని వైపు తిరిగి, "చెప్పు తమ్మీ" అంది.